తల ఊపిన మేస్త్రీ

మగ్గాల షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడికి చెవులు మిగలవు. నాకు మిగిలాయని ఎవడైనా అన్నాడంటే వాడు షెడ్డులో పని చేసి ఉండడు, చేసినా పనిదొంగ అయి ఉంటాడు. మేస్త్రీ పనిదొంగ కాడు. కాబట్టి అతని ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవి అలిగిన కోడలిలా, తనకి బుద్ధి పుట్టినప్పుడు మాత్రం పలుకుతుంది.

పోతే పోయాయి, ఆ సంగతి ఒప్పుకుంటే సగం బాధ తీరేది. ఒప్పుకోలేదు. మొదట్లో ఎవరేం చెప్పినా "ఆఁ?" అనేవాడు. వాళ్ళు ఇంకోసారి చెప్పేవారు. మళ్ళీ "ఆఁ?" అంటే మూడోసారి చెప్పే ఓపిక లోకంలో ఎవరికీ లేదు. "ఏం లేదులే" అనేసి మొహం తిప్పుకుంటారు. ఆ "ఏం లేదులే" ఉంది చూశారూ, చెంపదెబ్బ నయం. కొట్టేవాడు కనీసం మనిషి ఎదురుగా ఉన్నాడని గుర్తించి కొడతాడు.

ఆ మాట పడలేక మేస్త్రీ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎవరేం చెప్పినా తల ఊపడమే. కాస్త ఆలోచించినట్టు కనుబొమలు ముడిచి, అంతా అర్థమైనట్టు నిదానంగా ఊపేవాడు. గంగిరెద్దుకి కూడా అంత నేర్పు ఉండదు. పక్కింటాయన నిచ్చెన అడిగితే ఊపాడు, నిచ్చెన పోయింది. రంగులవాడు ఏదో అడిగితే ఊపాడు, ఇంటి ముందు గోడకి బెండకాయ రంగు పడింది. ఆ గోడ చూసి వీధిలో వాళ్ళు నవ్వుతుంటే, నాకు ఆ రంగే ఇష్టమని నాలుగేళ్ళుగా బుకాయిస్తున్నాడు.

షెడ్డులో మాత్రం ఈ గొడవ లేదు. అక్కడ ఎంత చెవులున్నవాడైనా చెవిటివాడే. వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా దండగ. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచేతి అంచుతో రెండో చేతి వేలిని కోసినట్టు చూపిస్తే పోగు తెగిందని. ఐదు వేళ్ళూ విప్పి చూపిస్తే టీకి పోదామని. అరచేత్తో నెత్తిమీద రెండుసార్లు తట్టుకుంటే "మేస్త్రీని పిలువు" అని. అంటే, ఇది నా వల్ల కాదు, తెలిసినవాడు రావాలి అని అర్థం. షెడ్డు ఆ చివర ఎవరైనా నెత్తి తట్టుకుంటే, చూసినవాడు పక్కవాడికి తట్టి చూపిస్తాడు, వాడు ఆ పక్కవాడికి. అలా ఒక్కో మగ్గమే దాటుకుంటూ కబురు ఈ చివరకి వచ్చేది. మేస్త్రీ పానా పట్టుకుని నడిచేవాడు. అలా నడిచి వెళ్తుంటే అతని అంత మొనగాడు లేడనిపించేది, ముఖ్యంగా అతనికే.

ఆ చివర, దారం కండెలకి చుట్టే చోట, ఒక పిల్ల పనిచేసేది. కండెల మర పాడైనా పాడవకపోయినా నెత్తి తట్టుకునేది. మేస్త్రీ పానాతో వెళ్ళి చూస్తే మర బాగానే ఉండేది. మూడుసార్లు అలా జరిగాక అతనికి విషయం బోధపడింది. పెళ్ళయింది.

ఆ పిల్లే మైకమ్మ. అసలు పేరు వేరే ఉంది కానీ వీధిలో ఎవరికీ గుర్తులేదు. షెడ్డు మానేసి ఎన్నేళ్ళయినా, మొగుడికి వినపడాలని గొంతు పెంచి పెంచి, చివరికి అదే ఆమె గొంతయి కూర్చుంది. ఆమె వంటింట్లో ఉప్పు అడిగితే వీధి చివర కొట్టువాడు పొట్లం కట్టేవాడని ఎగతాళి చేసేవారు. చేస్తే చేశారు. ఒక్కటి మాత్రం నిజం. అన్నేళ్ళ కాపురంలో ఆమె మొగుడితో ఒక్కసారి కూడా "ఏం లేదులే" అనలేదు. రెండోసారి, మూడోసారి, అయిదోసారి, మెడనరాలు తేలేలా అరిచైనా సరే, చెప్పాల్సిన మాట చెప్పాకే ఊరుకునేది. లోకంలో జరిగేదంతా మేస్త్రీకి ఆ గొంతులోంచే అందేది. ఆ మాటల చివర రోజూ ఒక ముక్క తగిలించేది: "చెవి మెషిన్ కొనుక్కోవయ్యా." మేస్త్రీ తల ఊపేవాడు. కొనలేదు. మేస్త్రీ అన్నవాడు చెవిలో బిరడా పెట్టుకుని తిరిగితే పరువేం కావాలి?

ఒకనాడు మైకమ్మ పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి రక్తం కారింది. కారడం మొదలుపెట్టి ఆగలేదు. చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు వచ్చాయి. ఎక్కడ దెబ్బ తగిలిందే అని మేస్త్రీ అడిగితే, ఎక్కడా తగల్లేదంది. వీధి చివరి డాక్టరు రక్తం పరీక్ష చేయించి, కాగితం చూసి, కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. ఆ సాయంత్రానికే ఆమె పెద్దాసుపత్రిలో మంచం మీద ఉంది.

అక్కడి డాక్టరమ్మ మంచిది. ఓపికగా, కుర్చీ లాక్కుని కూర్చుని మరీ చెప్పింది. కానీ ఆ వార్డులో అందరూ మూతికి గుడ్డ కట్టుకోవాలి. మేస్త్రీకి అవతలి మనిషి పెదాలు కనపడకపోతే మాటలో ముప్పావు వంతు పోయినట్టే. ఆ గుడ్డ వెనక నుంచి డాక్టరమ్మ చెప్పింది ఇది:

"చూడండి మేస్త్రీ గారూ, ఒంట్లో ఏ కణమూ తనంతట తానే నిర్ణయం తీసుకోదు. చుట్టుపక్కల కణాలు పంపే కబుర్లను బట్టి తానేం కావాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తప్పుకోవాలో తేల్చుకుంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు మన చెయ్యి మొదట తెడ్డులా ఉంటుంది. వేళ్ళ సందుల్లో ఉన్న కణాలకి, మీ పని అయిపోయింది, వెళ్ళిపోండి అని కబురొస్తుంది. అవి వెళ్ళిపోతాయి. అందుకే మనకి వేళ్ళు ఇలా విడివిడిగా ఉన్నాయి." అని తన చెయ్యి పైకెత్తి ఐదు వేళ్ళూ విప్పి చూపించింది.

టీకి పిలుస్తోందనుకుని మేస్త్రీ లేచి నిలబడ్డాడు. మైకమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీ ఆవిడ ఎముకల మూలుగలో రక్తకణాలు పుడుతున్నాయి కానీ ఎదగడం లేదు" అంది డాక్టరమ్మ. "ఎదగమని కబురు వస్తూనే ఉంది. అవి మాట వినడం లేదు. పసిపిల్లల్లాగే ఉండిపోయి, గుంపులు గుంపులుగా పేరుకుపోతున్నాయి. ఇది రక్తానికొచ్చే క్యాన్సర్లలో ఒక రకం. ప్రమాదమైనదే, కానీ మందుంది. వెంటనే మొదలుపెడదాం."

మేస్త్రీకి చేరింది వేరు. మూలుగ అన్నది మూలుగు అని వినపడింది. కణాలు కాస్తా కణతలయ్యాయి. మధ్యలో పసిపిల్లలెవరో వచ్చారు, వాళ్ళెవరో తెలియలేదు. "మాట వినడం లేదు" అన్నది మాత్రం అక్షరం పొల్లుపోకుండా అందింది, ఎందుకంటే ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నదే. మేస్త్రీ కనుబొమలు ముడిచి, నిదానంగా, అంతా అర్థమైనట్టు తల ఊపాడు.

అతని లెక్క ప్రకారం మైకమ్మకి కణతల దగ్గర నొప్పి, దాంతో మూలుగుతోంది. తలనొప్పికి ఇంత పెద్దాసుపత్రా అని ఆశ్చర్యపోయాడు. చిగుళ్ళలో రక్తానికీ కణతలకీ సంబంధమేమిటో ఎంత ఆలోచించినా తెగలేదు. పైకి అడిగితే వినపడలేదని తెలిసిపోతుంది. అందుకని కింద కొట్లో అమృతాంజనం లాంటి ఘాటైన మందు డబ్బీ ఒకటి కొనుక్కొచ్చి, పొద్దున్నా సాయంత్రం పెళ్ళాం కణతలకి పట్టించి రుద్దడం మొదలుపెట్టాడు. మైకమ్మ వద్దనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడూ తల నొక్కని మొగుడు నొక్కుతుంటే వద్దనేంత వెర్రిది కాదు ఆమె.

రెండో నాడు నర్సమ్మ ఆ ఘాటుకి తుమ్మి, ఇదేమిటని అడిగింది. మేస్త్రీ గర్వంగా కణతలు చూపించాడు. నర్సమ్మకి విషయం అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. తర్వాత అతని కుడిచెవి దగ్గరకి వంగి, "కణతలు కాదు మేస్త్రీ గారూ, కణాలు. రక్తంలో కణాలు" అని అరిచింది. వార్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు, కానీ అది క్యాన్సరని నర్సమ్మ మళ్ళీ చెవిలో చెప్పేసరికి ఆ నవ్వు ఆగింది. మరి నేను తల ఊపిన మిగతా మాటలేమిటి?

ఆ రోజంతా అతనికి ఒకటే ఆలోచన. మాట వినడం లేదు అంది డాక్టరమ్మ. షెడ్డులో ఎంతమందిని చూశాడు. మాట విననివాళ్ళు రెండు రకాలు. చెప్పింది అందక విననివాడు ఒకడు, అందినా లెక్కచెయ్యనివాడు ఒకడు. బయటికి ఇద్దరూ ఒకేలా కనపడతారు. మొదటివాడి మీద కోప్పడితే పాపం, రెండోవాడికి మళ్ళీ చెప్తే దండగ. ఈ కణాలు ఏ రకం? తన పెళ్ళాం ప్రాణం దాని మీదే ఆధారపడి ఉందని అతనికి తోచింది. ఎందుకు తోచిందో అతనికే తెలియదు.

మర్నాడు డాక్టరమ్మ వస్తే అడిగేశాడు. "అమ్మా, వాటికి వినపడటం లేదా, అవి వినటం లేదా?"

డాక్టరమ్మ అతని మొహం చూసి, కిటికీ దగ్గరకి దూరంగా వెళ్ళి, మూతిగుడ్డ కిందికి లాగి, పెదాలు కనపడేలా మాట్లాడింది. "వినపడటం లేదు. కబురు అందుకునే చెవి లాంటిది ఒకటుంటుంది, అది పాడైంది. మామూలుగా చెప్తే అందదు. బాగా గట్టిగా అరిస్తే అందుతుంది. మేమిచ్చే గోళీలు ఆ అరుపే అనుకోండి. అందితే అవి ఎదుగుతాయి, ఎదిగితే వాటి టైము రాగానే అవే పోతాయి. ఇంకో మందు సూదిలో ఎక్కిస్తున్నాం. అదొకప్పుడు విషమని పేరున్నదే, మోతాదులో ఇస్తే మందు."

మేస్త్రీకి మొదటి సగం తేనెలా దిగింది. వినపడటం లేదట. పాపం. అరిస్తే వినపడుతుందట. తన కథే. కానీ ఆ వెంటనే "విషం" అన్న మాట అంతకన్నా స్పష్టంగా వచ్చి పడింది. చెవిటివాడికి అక్కరలేని మాటలే అందుతాయి కాబోలు. ఆ విషం సంగతి మనసులో అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండగా, డాక్టరమ్మ గుడ్డ మళ్ళీ పైకి లాక్కుని, మంచం దగ్గరకి వచ్చి, ఇంకా ఏదో చెప్పింది. వేలు చూపించి మరీ చెప్పింది. ఆయాసం వచ్చినా, కాళ్ళు వాచినా, జ్వరం తగిలినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా మమ్మల్ని పిలవండి, అదీ ఆమె చెప్పింది. మైకమ్మ విని "సరేనమ్మా" అని, మొగుడికి చెప్పేలోపే నీరసంతో నిద్రలోకి జారింది. మేస్త్రీ వినలేదు. తల మాత్రం ఊపాడు.

ఆ తర్వాత రోజులు ఒకదానికొకటి పొంతన లేకుండా గడిచాయి. మంచం కాళ్ళ దగ్గర వేలాడే కాగితంలో తెల్లకణాల అంకె రాస్తారు. అది తగ్గితే మంచిదని మేస్త్రీ అనుకున్నాడు. తగ్గలేదు. రోజురోజుకీ పెరిగింది. పోనీ అది పెరగడమే మంచిదేమో అనుకుందామంటే, మైకమ్మ నీరసిస్తోంది. నర్సమ్మని అడిగితే "అలాగే అవుతుంది, భయపడకండి" అని చెప్పి ఉండవచ్చు, లేక "అలా అవుతోంది, భయంగా ఉంది" అని చెప్పి ఉండవచ్చు. గుడ్డ వెనక రెండూ ఒకేలా వినపడ్డాయి. అడిగినందుకు సిగ్గుపడి తల ఊపాడు.

అన్నిటికన్నా అతన్ని బెదరగొట్టింది వేరే. ఒక మధ్యాహ్నం మైకమ్మ పడుకుని ఏదో అంది. "ఆఁ?" అన్నాడు. మళ్ళీ అంది. గొంతు పైకి లేవలేదు. కుడిచెవి ఆమె నోటి దగ్గర పెట్టి "ఆఁ?" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని, "ఏం లేదులే" అంది.

ఆ మాట పెదాల మీద చదివాడు. తప్పు చదివే మాట కాదది, జన్మంతా చదివిన మాటే. బయట వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చాడు. రక్తం కారినప్పుడు ఏడవలేదు, క్యాన్సర్ అన్న మాట తెలిసినప్పుడు ఏడవలేదు. ఏం లేదులే అన్నందుకు ఏడ్చాడు.

ఏడ్చి కళ్ళు తుడుచుకునేసరికి బావమరిది వచ్చాడు. మైకమ్మకి తమ్ముడు. మోటారు విడిభాగాల కొట్టు పెట్టుకున్నాడు. ఏ జబ్బు పేరు చెప్పినా దాన్ని నయం చేసిన ఒకాయన తనకి బాగా తెలుసంటాడు. మనసు మంచిదే, నోరే ముందు పరిగెడుతుంది. అక్కని చూశాడు, కాగితం మీద అంకె చూశాడు, విషం సంగతి మేస్త్రీయే చెప్పాడు. ఇంకేముంది. బావ భుజం మీద చెయ్యేసి వరండాలో నడిపిస్తూ, ఎడమచెవి వైపు నుంచి మొదలుపెట్టాడు.

"బావా, జబ్బు పెరుగుతుంటే విషం ఎక్కించడమేమిటి? నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. రేపు మధ్యాహ్నం బండి తెస్తాను, అక్కని అక్కడికి మార్చేద్దాం. ఇక్కడివాళ్ళకి నేను చెప్తాను. సరేనా?"

మేస్త్రీ తల ఊపాడు. బావమరిది ధైర్యం చెప్తున్నాడనుకున్నాడు.

మర్నాడు భోజనాల వేళ. వార్డులో ఎవరి గిన్నె వారు కడుక్కుంటున్నారు. బావమరిది అంబులెన్సు మనుషులిద్దరితో, చక్రాల మంచంతో సహా తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ఏమిటిదని మేస్త్రీ నోరు తెరిచాడు. "నువ్వే కదా సరేనన్నావు" అని అరిచాడు బావమరిది, ఈసారి కుడిచెవి వైపు నిలబడి. నర్సమ్మ అడ్డం వచ్చి, డాక్టరమ్మకి చెప్పకుండా ఎలా తీసుకుపోతారని చేతులు ఊపుతోంది. వాడు ఆమెతో వాదిస్తున్నాడు. ఇద్దరి మూతులకీ గుడ్డలే. మేస్త్రీ ఒకసారి ఆమె కళ్ళ వైపు, ఒకసారి వీడి కళ్ళ వైపు చూశాడు. తీసుకుపోతే బతుకుతుందా, ఉంచితే బతుకుతుందా? ఇద్దరూ అతని వైపు తిరిగారు. ఇద్దరికీ అతని తలే కావాలి. ఊపితే ఒకటి, అడ్డంగా తిప్పితే ఒకటి. జన్మలో మొదటిసారి ఆ తల ఎటూ కదల్లేదు.

అప్పుడు మంచం మీద ఏదో కదిలినట్టనిపించి తిరిగి చూశాడు.

మైకమ్మ దిండు మీద సగం లేచి ఉంది. నోరు తెరుచుకుని ఉంది కానీ మాట రావడం లేదు. రాత్రి నుంచి జ్వరం. ఊళ్ళోవాళ్ళు మైకమ్మ అని పిలిచే మనిషికి నిజంగానే మైకం కమ్మినట్టుంది. కానీ చెయ్యి పైకి లేచింది. అరచేత్తో నెత్తిమీద తట్టుకుంది. ఒకసారి. రెండోసారి.

మేస్త్రీని పిలువు.

మేస్త్రీ గుండె కరిగిపోయింది. ఎన్నేళ్ళయింది ఆమె ఆ సైగ చేసి. కండెల దగ్గర నిలబడి, పాడవని మరని చూపిస్తూ పిలిచిన పిల్ల కళ్ళ ముందు మెదిలింది. గబగబా వెళ్ళి మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఇక్కడే ఉన్నానే. ఎక్కడికీ పోలేదు" అన్నాడు.

మైకమ్మ చెయ్యి విడిపించుకుంది. అతన్ని తోసినంత పని చేసింది. మళ్ళీ నెత్తి తట్టుకుంది. కళ్ళల్లో కోపం. ఎందుకు కోపం? వచ్చాను కదా, ఇంకేం కావాలి? మేస్త్రీకి మతి పోయింది. ఇంకాస్త దగ్గరగా జరిగాడు. ఆమె తల అడ్డంగా తిప్పి, మళ్ళీ తట్టుకుంది. పెదాల రంగు మారింది. దుప్పటి జారిన చోట పాదాలు కనపడ్డాయి, ఉబ్బి ఉన్నాయి.

అప్పుడు తట్టింది అతనికి. షెడ్డులో ఆ సైగ చూసినవాళ్ళందరూ ఏం చేసేవారు? పక్కవాడికి అందించేవారు. మేస్త్రీ కానివాడు చెయ్యాల్సింది అదే. ఈ గదిలో మేస్త్రీ తను కాదు. ముప్ఫై ఏళ్ళు ఆ కబురు తన దగ్గరికి వచ్చి ఆగేది కాబట్టి ఈసారీ తన దగ్గరే ఆపేశాడు. ఇది నా వల్ల కాదు, తెలిసినవాళ్ళని పిలువు అంటోంది.

లేచి నర్సమ్మ ముందు నిలబడి, మాట రాక, తన నెత్తి తనే తట్టుకున్నాడు. నర్సమ్మకి ఆ భాష ఎక్కడొస్తుంది? పిచ్చెక్కిందనుకుంది. ఆమె భుజాలు పట్టుకుని మంచం వైపు తిప్పాడు. చూడగానే ఆమె పరుగెత్తింది.

తర్వాత జరిగింది మేస్త్రీకి ఇప్పటికీ ముక్కలుగానే గుర్తుంది. డాక్టరమ్మ వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు. ఏదో సూది మందు వేశారు. మంచం చుట్టూ తెర లాగారు. తెరకి ఇవతల నిలబడితే అవతల అన్నీ కాళ్ళే కనపడుతున్నాయి. చక్రాల మంచం మీదికి మైకమ్మని ఎక్కించలేదు. అంబులెన్సు మనుషులు దాని మీదే కూర్చున్నారు.

ఎంతసేపటికో డాక్టరమ్మ బయటికి వచ్చింది. కోపంగా ఉంది. చెయ్యి పట్టుకుని అతన్ని వరండాలోకి తీసుకుపోయి, గుడ్డ కిందికి లాగింది. "ఆయాసం వస్తే వెంటనే పిలవమని చెప్పాను కదా. పాదాలు వాస్తే చెప్పమన్నాను. మీరు తల కూడా ఊపారు."

మేస్త్రీ ఆమె పెదాల వైపే చూశాడు. పక్కన బావమరిది ఉన్నాడు. గిన్నెలు కడుక్కునేవాళ్ళు ఉన్నారు. "నాకు వినపడలేదమ్మా" అన్నాడు. "నాకు వినపడదు. ఎవరు చెప్పినా తల ఊపుతాను. అలవాటు."

బావమరిది నేల వైపు చూశాడు. డాక్టరమ్మ కోపం ఎక్కడికో పోయింది. అరుపులాంటి గొంతుతో, ఒక్కొక్క మాటే విడదీసి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. "కణాలకి కబురు అందింది. అందింది కాబట్టే ఈ గొడవ. ఇన్నాళ్ళూ పసివాళ్ళలా కదలకుండా ఉన్నవి ఒక్కసారిగా ఎదిగి, మూలుగలోంచి రక్తంలోకి పోటెత్తాయి. అందుకే ఆ అంకె పెరిగింది. వాటి హడావుడికే ఊపిరితిత్తులకి, ఒంటికి నీరు పట్టింది. దానికి వేరే మందు వేశాం. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం. ఇప్పుడైనా ఈ రెండు రోజులూ గడవాలి. అర్థమైందా?"

తల ఊపబోయి ఆగాడు. "సగమే అర్థమైంది" అన్నాడు. "నయమవుతుంటేనే ఊపిరాడకపోవడమేమిటో ఇంకా అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది. పూర్తిగా అర్థమైందని మేస్త్రీ ఇప్పటికీ అనడు. బావమరిది వైపు తిరిగి, "బండి పంపించెయ్యరా" అన్నాడు. వాడు ఏదో అనబోతే, "గట్టిగా చెప్పు. ఈ చెవిలో చెప్పు. నేను ఊపితే సరేనన్నట్టు కాదు, ఇకనుంచి నోటితో అంటేనే లెక్క" అన్నాడు. వాడు బండి పంపించాడు. సాయంత్రం ఫ్లాస్కులో టీ తెచ్చి, బావ ముందు నిలబడి ఐదు వేళ్ళూ విప్పి చూపించాడు. అక్క ఎప్పుడో నేర్పి ఉంటుంది.

ఆ రెండు రోజులూ మేస్త్రీ తెర పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. యంత్రం మీద ఆకుపచ్చ గీత ఎగిరి పడుతోంది. అది అలా ఎగరడం మంచిదో చెడ్డదో తెలియదు. వచ్చిన ప్రతివాళ్ళనీ ఆపి అడిగాడు. వినపడకపోతే మళ్ళీ అడిగాడు. ఒకరిద్దరు "ఏం లేదులెండి" అన్నారు కూడా. చెంప చురుక్కుమంది, అయినా వదల్లేదు. ఒక్కొక్కసారి తన ఒంట్లో కణాల సంగతి గుర్తొచ్చి భయమేసేది. లోపల కోట్లమంది ఒకరికొకరు కబుర్లు చెప్పుకుంటున్నారట. అందులో ఎంతమంది అందక తల ఊపేస్తున్నారో ఎవడికి తెలుసు?

జ్వరం దిగింది. వాపు తీసింది. ఊపిరి సర్దుకుంది. కొన్ని వారాల తర్వాత మళ్ళీ మూలుగ తీసి పరీక్షిస్తే పసికణాలు చాలావరకు కనపడలేదట. ఇంకా చాలా నెలలు మందు వాడాలని, అంతవరకు ఏదీ ఖాయంగా చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఇదంతా మేస్త్రీ ఎదురుగా నిలబడి, మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఇంటికి పంపే రోజు పొద్దున్న మైకమ్మ మంచం మీద కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. బాగా చిక్కిపోయింది. మేస్త్రీ సంచీలో గుడ్డలు సర్దుతూ, అడుగున ఉన్న ఆ ఘాటు మందు డబ్బీ కనపడితే, పారేద్దామా ఉంచుదామా అని చేతిలో తిప్పుతున్నాడు. వెనక నుంచి ఆమె ఏదో అంది. అతను ఇటు తిరగలేదు.

"ఏమయ్యోయ్, ఇంటికెళ్ళే దారిలో ఆగి, ముందు ఆ చెవి మెషిన్ కొనుక్కో."

కిటికీ అద్దాలు అదిరినంత పనయింది. నర్సమ్మ చేతిలో గిన్నె కింద పడింది. పక్క మంచం ముసలాయన నిద్రలోంచి లేచి కూర్చున్నాడు. ఒక్క అక్షరం పోకుండా, ఆ చెవి ఈ చెవి అని లేకుండా, మొత్తం వచ్చి మేస్త్రీకి తగిలింది. డబ్బీ సంచీలో వేసి, మెల్లిగా వెనక్కి తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. కుడిచెవి వెనక చెయ్యి పెట్టి ముందుకి వంగాడు.

"ఆఁ?" అన్నాడు. "వినపడలేదే. మళ్ళీ చెప్పు."

మైకమ్మ అతని మొహం వైపు కాసేపు చూసింది. నిండుగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ చెప్పింది.